మా మామ కారు, ఏడేళ్ల లోన్: అసలు లెక్క ఎంత?

ఈరోజు వీడియో గార్లదిన్నెలో మా ఇంటి మిద్దె మీద నుంచి చేస్తున్నా. వెనకాల హారన్లు వినపడితే ఏమనుకోవద్దు, అది 44వ నంబర్ హైవే. పెనుకొండ దగ్గర కియా ఫ్యాక్టరీ ఉంది కదా, 2019లో మొదలైంది, అది కూడా ఇదే రోడ్డు మీద. కొత్త కార్లు ఎక్కించుకున్న పొడవాటి ట్రెయిలర్లు మా ఊరి పక్క నుంచే పోతుంటాయి. చిన్నప్పుడు మేము ఈ రోడ్డు మీద బస్సులు లెక్కపెట్టేవాళ్లం, ఇప్పటి పిల్లలు ట్రెయిలర్‌లో కార్లు లెక్కపెడుతున్నారు.

సరే, విషయానికి వద్దాం. పోయిన వారం మా మామ, అంటే మా అమ్మ తమ్ముడు, మా ఇంటికొచ్చాడు. నాలుగెకరాల చీనీ తోట ఆయనది. చేతిలో ఒక కాగితం. అనంతపురంలో షోరూమ్‌కి పోయి కొటేషన్ రాయించుకొచ్చాడు. "అల్లుడూ, నువ్వు కంప్యూటర్ చదివినావు కదప్పా, ఇది సూడు. నెలకి 13 వేలే అంట. కట్టలేమా?" అన్నాడు.

ఆ "13 వేలే" అన్న మాట గురించే ఈరోజు వీడియో. ఎందుకంటే అదే మాట 2022లో బెంగళూరులో నేను కూడా విన్నా, నమ్మినా, దెబ్బ తిన్నా. ఆ కథ తర్వాత చెప్తా.

ముందు మామ కాగితం చూద్దాం. కారు ఎక్స్-షోరూమ్ ధర 7 లక్షల 60 వేలు. ట్యాక్స్, ఇన్సూరెన్స్, అన్నీ కలిపి ఆన్ రోడ్ 9 లక్షలు. మామ చేతి నుంచి లక్ష, మిగతా 8 లక్షలు లోన్. వడ్డీ 9.5 శాతం, 7 ఏళ్లు, అంటే 84 నెలలు. ఈఎంఐ 13,075 రూపాయలు.

మామకి ఇప్పుడే ఎందుకు మనసు పుట్టిందంటే, రెండు కారణాలు. ఒకటి జీఎస్టీ. 2025 సెప్టెంబర్ 22 నుంచి చిన్న కార్ల మీద పన్ను 18 శాతం అయింది. అంతకుముందు 28 శాతం, దాని మీద సెస్ కూడా ఉండేది. చిన్న కారు అంటే నాలుగు మీటర్ల లోపు పొడవు, పెట్రోల్ అయితే 1200 సీసీ లోపు, డీజిల్ అయితే 1500 సీసీ లోపు. రెండోది వడ్డీ. రిజర్వ్ బ్యాంక్ 2025లో రెపో రేటుని 6.50 నుంచి తగ్గిస్తూ తగ్గిస్తూ డిసెంబర్‌కి 5.25 చేసింది. అందుకే "వడ్డీలు తగ్గినాయి, ఇదే టైం" అని అందరూ అంటున్నారు. రెండూ నిజమే. అందులో తప్పేం లేదు.

ఇప్పుడు వడ్డీని మన ఊరి లెక్కలో చెప్పుకుందాం. మన దగ్గర శాతం అంటే ఎవరికీ ఎక్కదు, నూటికి ఎంత అని అడుగుతారు. నూటికి రూపాయి వడ్డీ అంటే నెలకి వందకి ఒక రూపాయి, ఏడాదికి 12 శాతం. రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం. మరి 9.5 శాతం అంటే? పన్నెండుతో భాగిస్తే 79 పైసలు. మామకి ఇలా చెప్పేసరికి నవ్వాడు. "ఎనబై పైసలకి మనూర్లో ఎవడిస్తాడప్పా? దీంట్లో మోసం యాడుంది?" అన్నాడు.

కరెక్ట్. వడ్డీ రేటులో మోసం లేదు. నేను చెప్పేది కూడా అదే. అందరూ వడ్డీ రేటు దగ్గరే కొట్లాడతారు, అసలు డబ్బు పోయేది నెలల దగ్గర.

నోట్‌బుక్ ఉంటే తీసుకోండి, లేకపోతే స్క్రీన్‌షాట్ కొట్టుకోండి. అదే 8 లక్షలు, అదే 9.5 శాతం.

3 ఏళ్లకి తీసుకుంటే ఈఎంఐ 25,626. మొత్తం వడ్డీ లక్షా 22 వేల చిల్లర.

5 ఏళ్లకి తీసుకుంటే ఈఎంఐ 16,801. మొత్తం వడ్డీ 2 లక్షల 8 వేలు.

7 ఏళ్లకి తీసుకుంటే ఈఎంఐ 13,075. మొత్తం వడ్డీ 2 లక్షల 98 వేలు.

అంటే 5 నుంచి 7కి జరిగితే ఈఎంఐ నెలకి 3,726 తగ్గుతుంది. దానికి బదులుగా 90 వేల రూపాయలు ఎక్కువ వడ్డీ కడతాం.

ఇప్పుడు ఇంకో పక్క చూడండి. మామ ఆ షోరూమ్ అబ్బాయితో గంటసేపు బేరం చేసి, వడ్డీని 9.5 నుంచి 9కి తగ్గించాడే అనుకుందాం. ఏడేళ్ల లోన్ మీద ఆ అర శాతం వల్ల మిగిలేది ఎంత? 17 వేలు. అర శాతానికి గంట బేరం, 17 వేలు మిగులు. అదే ఫారంలో "84" అని రాసి ఉన్నచోట ఒక్క నిమిషం కూడా మాట్లాడలేదు, అక్కడ 90 వేలు పోయింది. అందరం చేసే పొరపాటే ఇది. నేను కూడా చేశా.

ఎందుకిలా అవుతుంది? చాలా సింపుల్. మొదటి నెల 8 లక్షల మీద వడ్డీ 6,333 రూపాయలు. ఐదేళ్లయినా ఏడేళ్లయినా ఆ మొదటి నెల వడ్డీ మారదు. ఐదేళ్ల లోన్‌లో మనం కట్టే 16,801లో ఆ వడ్డీ పోగా 10,468 అసలుకి పోతుంది. ఏడేళ్ల లోన్‌లో కట్టే 13,075లో అసలుకి పోయేది 6,742 మాత్రమే. దాదాపు సగం వడ్డీకే. అసలు మెల్లగా కరుగుతుంది కాబట్టి, వచ్చే నెల కూడా వడ్డీ ఎక్కువే పడుతుంది. మన చెరువు లెక్కే. తూము చిన్నగా తీస్తే చెరువు ఖాళీ అయ్యేదానికి చానా రోజులు పడుతుంది.

ఇక్కడివరకు చెప్తే మామ ఏమన్నాడంటే, "90 వేలు కదా, ఏడేళ్ల మీద. నెలకి వెయ్యి చిల్లర. పోతే పోనీ. నెలనెలా చేతిలో 3,700 మిగుల్తుంది కదా." ఈ మాటలో న్యాయం ఉంది. నేను కాదనను. నెలకి 16,800 కట్టలేక ఇబ్బంది పడేకంటే 13 వేలు నిమ్మళంగా కట్టుకోవడం మంచిదే కదా అని చాలామంది అనుకుంటారు. అందుకే బ్యాంకులు కూడా ఏడేళ్ల వరకు ఇస్తున్నాయి. అమెరికాలో కూడా 84 నెలల కారు లోన్లు మామూలైపోయాయి. కాబట్టి ఇది తెలియనివాళ్లు చేసే తప్పు అని నేను అనను.

కానీ అసలు ప్రమాదం 90 వేలు కాదు. ఇప్పుడు నా కథ చెప్తా.

2022లో నేను బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నా. ఊరికి కారులో రావాలి, నాన్నని ముందు సీట్లో కూర్చోబెట్టుకోవాలి, అంతే కోరిక. డౌన్ పేమెంట్ చాలా తక్కువ పెట్టి, ఏడేళ్ల లోన్ తీసుకున్నా. ఈఎంఐ నా జీతంలో పెద్ద లెక్క కాదు. 2024లో ఒక మంగళవారం పొద్దున మీటింగ్ పెట్టి, మా టీం మొత్తాన్ని తీసేశారు. కంపెనీ పేరు వద్దులెండి. రెండు నెలలు సేవింగ్స్‌తో కట్టా. మూడో నెల కారు అమ్మేద్దామని పోయా. అప్పుడు తెలిసింది, కారుకి వచ్చే రేటు కన్నా నేను కట్టాల్సిన బాకీ ఎక్కువ అని. లోన్ ముందే క్లోజ్ చేసినందుకు చార్జీ వేరే. చివరికి కారు ఇచ్చేసి, పైన 85 వేలు నా చేతి నుంచి కట్టి బయటపడ్డా. ఆ 85 వేలలో 50 మా నాన్న ఇచ్చాడు. ముందు సీట్లో కూర్చోబెట్టాలనుకున్న నాన్న. ఏమీ అనలేదు ఆయన. "పోనీలేప్పా" అన్నాడు. అంతే.

కాబట్టి కారు కొనేటప్పుడు మనం అడగాల్సిన ప్రశ్న "ఈఎంఐ ఎంత" అని కాదు. "మధ్యలో ఏదైనా జరిగితే, కారు అమ్మి అప్పు తీర్చగలనా?" అని అడగాలి.

ఇది మామ లెక్కలో చూద్దాం. ఇన్సూరెన్స్‌లో ఐడీవీ అని ఉంటుంది, మీ పాలసీ కాగితం మీద చూడండి. కారు పూర్తిగా పాడైనా, దొంగతనం జరిగినా కంపెనీ ఇచ్చే గరిష్ట మొత్తం అది. దీనికి ఒక తరుగుదల పట్టిక ఉంది. కారు వయసు రెండు నుంచి మూడేళ్లయితే 30 శాతం తగ్గిస్తారు, మూడు నుంచి నాలుగేళ్లయితే 40 శాతం, నాలుగు నుంచి ఐదేళ్లయితే 50 శాతం. ఈ లెక్క ఆన్ రోడ్ ధర మీద కాదు. కట్టిన రోడ్ ట్యాక్స్, ఇన్సూరెన్స్ దీంట్లో రావు.

మామ కారుకి మూడేళ్లు దాటాయి అనుకుందాం. 7 లక్షల 60 వేలలో 40 శాతం తీసేస్తే 4 లక్షల 56 వేలు. అప్పటికి 36 ఈఎంఐలు టంచనుగా కట్టాడు. ఏడేళ్ల లోన్ అయితే ఇంకా బాకీ ఎంత ఉంటుంది? 5 లక్షల 20 వేలు. చూశారా? మూడేళ్లు ఒక్క నెల కూడా తప్పకుండా కట్టినా, కారు విలువ కన్నా అప్పు 64 వేలు ఎక్కువ. దేవుడు చల్లగా చూడాలి గానీ, ఆ రోజు హైవే మీద ఏదైనా జరిగి కారు పనికిరాకుండా పోతే, ఇన్సూరెన్స్ డబ్బు ముందు బ్యాంకుకే పోతుంది. కారు ఉండదు, అప్పు మాత్రం 64 వేలు ఉంటుంది.

అదే ఐదేళ్ల లోన్ అయితే 36 నెలల తర్వాత బాకీ 3 లక్షల 66 వేలే. కారు విలువ అప్పు కన్నా 90 వేలు ఎక్కువ. అవసరం పడితే అమ్మి బయటపడొచ్చు.

"రిటర్న్ టు ఇన్‌వాయిస్" అని ఒక యాడ్-ఆన్ ఉంది, అది తీసుకుంటే కొన్న ధర వస్తుంది కదా అని కొందరు కామెంట్ పెడతారు. మంచిదే, తీసుకోండి. కానీ అది సాధారణంగా కారు కొత్తగా ఉన్న మొదటి కొన్నేళ్లకే ఇస్తారు. పైగా ఉద్యోగం పోతే, పంట పోతే అది పనికిరాదు.

పంట అన్నా కాబట్టి, మన ప్రాంతం సంగతి వేరేగా మాట్లాడుకోవాలి. అనంతపురం అంటే ఏడాదికి 550 మిల్లీమీటర్లు అటూ ఇటూ వాన పడే చోటు. మా మండలంలోనే పెనకచెర్ల డ్యాం ఉంది, తుంగభద్ర నీళ్లు వచ్చిన ఏడాది ఒక లెక్క, రాని ఏడాది ఇంకో లెక్క. మామకి జీతం లేదు. చీనీ కోతకి వచ్చినప్పుడు డబ్బు ఒక్కసారిగా వస్తుంది. ఒక ఏడాది టన్ను రేటు బాగుంటుంది, ఇంకో ఏడాది కోత కూలీ కూడా రాదు. ఈఎంఐ మాత్రం ప్రతి నెలా ఒకే తేదీన వస్తుంది. ట్రాక్టర్ లోన్‌కైతే ఆర్నెల్లకో, ఏడాదికో కంతు కట్టే పద్ధతి ఉంది. కారు లోన్‌కి మామూలుగా నెలనెలా కట్టాల్సిందే. కంతు తప్పితే పెనాల్టీ, క్రెడిట్ స్కోర్ కూడా దెబ్బతింటుంది. స్కోర్ పడిపోతే రేపు పాపకి ఎడ్యుకేషన్ లోన్ అడిగినప్పుడు ఈ కారే అడ్డమొస్తుంది.

అందుకే మామ చేత ఒక పని చేయించా. మీరు కూడా చేయండి, ఐదు నిమిషాలు పడుతుంది. ఒక తెల్ల కాగితం మీద ఒకటి నుంచి ఏడు వరకు ఏళ్లు రాయండి. పక్కన ఆ ఏడాది మీ ఇంట్లో ఏమేం జరగబోతాయో రాయండి. మామ ఇలా రాశాడు. మొదటి ఏడు, పాప ఇంటర్. మూడో ఏడు, పాప బీటెక్ ఫీజు. నాలుగో ఏడు, బోరు. ఎందుకంటే ఇప్పటి బోరు అంతకుమించి నమ్మకం లేదంట. ఆరో ఏడు, పాప చదువు అయిపోతుంది. ఏడో ఏడు దగ్గర కాసేపు పెన్ను పట్టుకుని కూర్చున్నాడు. "పెళ్లి" అని రాశాడు. తర్వాత ఆయనే అన్నాడు, "చీనీ మొక్క నాటితే నాలుగైదేండ్లకి కాపుకొస్తాది. ఇది దానికన్నా పెద్ద అప్పు కదప్పా." నేనేం మాట్లాడలేదు.

మరి కారు వద్దంటావా అని అడుగుతారు మీరు. లేదండీ. వాళ్ల అమ్మని, అంటే మా అవ్వని, ఆసుపత్రికి తీసుకుపోవాలంటే ప్రతిసారీ బాడుగ కారు మాట్లాడుతున్నారు. కారు అవసరమే. దారి ఏందో చూద్దాం.

మొదటి దారి. లక్ష ఎక్కువ డౌన్ పేమెంట్ పెట్టడం, లేదా లక్ష తక్కువ వేరియంట్ తీసుకోవడం. అప్పుడు లోన్ 7 లక్షలు. ఐదేళ్లకి ఈఎంఐ 14,701. ఏడేళ్ల 13,075 కన్నా 1,626 రూపాయలే ఎక్కువ. మొత్తం వడ్డీ లక్షా 82 వేలు. అంటే 2 లక్షల 98 వేలతో పోలిస్తే లక్షా 16 వేలు మిగులు. మూడేళ్ల తర్వాత బాకీ 3 లక్షల 20 వేలు. డౌన్ పేమెంట్ పెంచి ఈ కారే కొంటే దాని విలువ 4 లక్షల 56 వేలు, నిశ్చింత. సన్‌రూఫ్ కోసం, పెద్ద టచ్ స్క్రీన్ కోసం పైవేరియంట్‌కి పోయేవాళ్లు ఈ లెక్క ఒకసారి చూసుకోండి. ఆ సన్‌రూఫ్ మన ఎండల్లో ఎన్ని రోజులు తెరుస్తారో కూడా చూసుకోండి.

రెండో దారి. ఈఎంఐ తక్కువే కావాలి, ఏడేళ్లే తీసుకుంటా అంటే, పంట డబ్బు లేదా బోనస్ వచ్చినప్పుడు మధ్యలో కట్టండి. దీన్నే పార్ట్ పేమెంట్ అంటారు. మామ 8 లక్షల లోన్‌లో రెండేళ్లు అయ్యాక ఒక లక్ష కడితే, ఈఎంఐ అలాగే ఉంచితే, దాదాపు 12 నెలల ముందే లోన్ అయిపోతుంది. 53 వేలకి పైగా వడ్డీ మిగులుతుంది. కానీ అప్పుడు బ్యాంకులో స్పష్టంగా చెప్పండి, "ఈఎంఐ తగ్గించొద్దు, నెలలు తగ్గించండి" అని.

దీనికి ఒక షరతు ఉంది. సంతకం పెట్టకముందే ఇది ఫిక్స్‌డ్ రేటా, ఫ్లోటింగ్ రేటా అడగాలి. రిజర్వ్ బ్యాంక్ కొత్త నిబంధన ప్రకారం 2026 జనవరి 1 నుంచి ఇచ్చే ఫ్లోటింగ్ రేట్ లోన్లకి, అవి సొంత అవసరానికి మనుషులు తీసుకున్నవైతే, బ్యాంకులు ముందే కట్టినందుకు చార్జీ వేయకూడదు. ఫిక్స్‌డ్ రేటైతే మీ ఒప్పందంలో ఏం రాసుకుంటే అది. పార్ట్ పేమెంట్ ఎన్ని నెలల తర్వాత ఒప్పుకుంటారు, ఎంత శాతం చార్జీ, ఏడాదికి ఎన్నిసార్లు, ఇవన్నీ ముందే అడగండి. నేను అడగలేదు. మీరు అడగండి.

ఇంకో రెండు జాగ్రత్తలు. సెకండ్ హ్యాండ్ కార్ల దగ్గర కొందరు "ఆరు శాతమే వడ్డీ" అంటారు. అది ఫ్లాట్ రేటా అని అడగండి. ఫ్లాట్ అంటే మీరు అసలు తీరుస్తూ వచ్చినా, చివరి వరకు మొత్తం 8 లక్షల మీదే వడ్డీ లెక్కేస్తారు. 8 లక్షలకి 6 శాతం ఫ్లాట్, ఐదేళ్లు అంటే వడ్డీ 2 లక్షల 40 వేలు. మనం ఇంతసేపు మాట్లాడుకున్న పద్ధతిలో అది దాదాపు 10.85 శాతంతో సమానం. ఆరు అని చెప్పి పదకొండు దాకా తీసుకుంటున్నట్టు.

రెండోది, కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్ అడగండి. 2024 అక్టోబర్ 1 నుంచి కొత్త రిటైల్ లోన్లకి ఈ కాగితం తప్పనిసరి. ప్రాసెసింగ్ ఫీజు, లోన్‌తో పాటు అంటగట్టే ఇన్సూరెన్స్, అన్నీ కలిపి ఏడాదికి నిజంగా ఎంత పడుతుందో దాంట్లో ఏపీఆర్ అని రాసి ఉంటుంది. నెలనెలా అసలు ఎంత, వడ్డీ ఎంత అనే పట్టిక కూడా ఉంటుంది. రెండు బ్యాంకుల కాగితాలు పక్కపక్కన పెట్టుకుని ఏపీఆర్ పోల్చండి. లోన్ పూర్తయ్యాక బ్యాంకు ఎన్ఓసీ, ఫారం 35 తీసుకుని ఆర్‌సీలో బ్యాంకు పేరు తీయించుకోవడం మర్చిపోవద్దు. చాలామంది అమ్మేరోజు దాకా గుర్తుపెట్టుకోరు.

నా మటుకు నేను పెట్టుకున్న రూల్ ఒక్కటే. మూడేళ్ల తర్వాత కారు విలువ కన్నా బాకీ తక్కువ ఉండాలి. అది సరిపోయేదాకా డౌన్ పేమెంట్ పెంచుతా, లేదా కారు తగ్గిస్తా, లేదా ఆగుతా. గవర్నమెంట్ ఉద్యోగం, ఇంట్లో రెండు జీతాలు ఉన్నవాళ్లకి ఏడేళ్లయినా పెద్ద ఇబ్బంది కాకపోవచ్చు. మనలాంటి వానని నమ్ముకున్నవాళ్లకి, ప్రాజెక్టుని నమ్ముకున్నవాళ్లకి మాత్రం ఈ లెక్క తప్పనిసరి.

మామ ఏం చేశాడంటారా? కొటేషన్ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "ఈ కోత కానీ అల్లుడూ. రేటు నిలబడితే లక్ష ఎక్కువ పెట్టి ఐదేండ్లకే తీసుకుందాం. నిలబడకపోతే కారు యాడికి పోతాది, రోజూ మన రోడ్డు మీదనే పోతాండ్లా" అన్నాడు. మా అవ్వ లోపల నుంచి, "నాకు బాడుగ కారే బాగుంటాదప్పా, ఏసీ వేస్తాడు వాడు" అంది.

మీ ఇంట్లో ఎవరైనా ఈ నెల షోరూమ్‌కి పోయే ఆలోచనలో ఉంటే, సంతకం పెట్టకముందే వాళ్లకి ఈ వీడియో పంపించండి. మీ లోన్ మొత్తం, వడ్డీ, నెలలు కామెంట్‌లో పెడితే, మూడేళ్ల తర్వాత బాకీ ఎంత ఉంటుందో నేను లెక్కేసి రిప్లై ఇస్తా. మళ్లీ వచ్చే వారం కలుద్దాం. ఉంటానండీ, నమస్తే.